డెవిల్ వరల్డ్ ఆడటం ఎలా: చుక్కల మీద కాదు, సాతాను చేతి మీద కన్నేయండి

పాక్-మాన్ బాగా ఆడేవాళ్లే డెవిల్ వరల్డ్‌లో ముందు చచ్చిపోతారు. చూడటానికి అదే ఆటలా ఉంటుంది: చిక్కుదారులు, చుక్కలు, వెంటపడే దెయ్యాలు. దాంతో అలవాటు కొద్దీ చుక్కల మీద కళ్లు పెట్టి పరుగెడతారు. ఒక్క చుక్కా తినబడదు. ఈలోగా పక్కనున్న గోడ వచ్చి నలిపేస్తుంది. "ఏంటీ చెత్త గేమ్" అని ఆపేసి వేరేది పెట్టుకుంటారు. అసలు సంగతి తెలియకపోవడం వల్ల వచ్చే చిరాకు ఇది. తెలిశాక ఆ కాలం మేజ్ గేముల్లో ఇంత తెలివైనది ఇంకోటి కనపడటం కష్టం. ఈ గైడ్ ఆ అసలు సంగతి గురించే.

ముందు గేమ్ గురించి నాలుగు మాటలు. నింటెండో వాళ్లు దీన్ని 1984లో జపాన్‌లో తమ ఫామికామ్ మీద, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్ మీద, విడుదల చేశారు. డిజైన్ షిగేరు మియమొతో. ఆయనతో పాటు పనిచేసిన తకాషి తెజుకా అప్పుడే కంపెనీలో చేరాడు. తర్వాతి ఏడాది ఈ ఇద్దరి చేతి మీదుగానే సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. సంగీతం చేసినవాళ్లలో మారియో ట్యూన్ కట్టిన కోజి కొందో కూడా ఉన్నాడు. ఇంత పెద్ద పేర్లున్నా గేమ్ మరుగున పడిపోయింది. ఇందులో సిలువలు, బైబిళ్లు ఉన్నాయి, పైగా తెర మీద సాక్షాత్తు సాతానే కూర్చుంటాడు. మతచిహ్నాలున్న గేములకి అప్పట్లో నింటెండో అమెరికా శాఖ ఒప్పుకునేది కాదు. యూరప్‌లో 1987లో వచ్చింది గానీ అమెరికాలో రాలేదు. అక్కడ రాని గేమ్ గురించి ఇంగ్లీషు పత్రికల్లోనూ పెద్దగా ఎవరూ రాయలేదు.

(ఇంట్లో బైబిల్ చదివే పెద్దలుంటే, సాతాను బొమ్మ చూసి "ఇదేం ఆట" అని అడగొచ్చు. ఇందులో సిలువ, బైబిల్ మన చేతిలో ఉండే ఆయుధాలని, ఓడిపోవాల్సింది సాతానని చెప్పండి. ఆ తర్వాత ఒప్పుకుంటారో లేదో మీ అదృష్టం.)

గేమ్ ఎక్కడ దొరుకుతుంది

ఇప్పుడైతే తేలిక దారి నింటెండో వాళ్ల గేమ్ మెషీన్ స్విచ్. 2023 అక్టోబర్ చివర్లో, హాలోవీన్ సందర్భంగా, స్విచ్ ఆన్‌లైన్ సభ్యత్వంతో వచ్చే ఎన్ఈఎస్ (ఫామికామ్‌కి విదేశాల్లో పేరు) గేముల్లో దీన్ని చేర్చారు. అమెరికా వాళ్లకి అధికారికంగా అందడం అదే మొదలు, అంటే 39 ఏళ్లు ఆలస్యం. మామూలు సభ్యత్వం చాలు, ఎక్కువ డబ్బు కట్టే ప్యాక్ అక్కర్లేదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవాళ్లకి ఇందులో చిక్కేమీ లేదు. హైదరాబాద్, విజయవాడల్లో స్విచ్ ఎక్కువగా ఇంపోర్ట్ చేసి అమ్మే షాపుల్లోనో, విదేశాల నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులోనో దొరుకుతుంది.

తొంభైల్లో వేసవి సెలవుల్లో టీవీకి పెట్టుకుని ఆడిన వీడియో గేమ్ ఇంకా అటక మీద ఉంటే, దాన్ని కూడా దించండి. "లక్ష గేములు" అని స్టిక్కర్ వేసిన ఆ పసుప్పచ్చ క్యాసెట్లలో మారియో, కాంట్రా మధ్య ఇలాంటి పాత ఫామికామ్ గేములు కొన్ని దూరి ఉండేవి. చాలామంది పేరు చూసో, ఒకసారి చచ్చిపోయో వదిలేసి ఉంటారు. ఆ క్యాసెట్లు నకిలీవే అని అప్పట్లో మనకెవరికీ తెలియదు, తెలిసినా పట్టించుకునే వయసు కాదు. అది పనిచేస్తే మంచిదే, పాత డబ్బా టీవీ కూడా ఉంటే ఇంకా మంచిది.

కొత్త టీవీ మీద ఆడేవాళ్లు ఒక పని తప్పకుండా చేయండి. సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. అది లేకపోతే మీరు బటన్ నొక్కిన క్షణానికీ తెర మీద బొమ్మ తిరిగిన క్షణానికీ మధ్య కొద్దిపాటి జాప్యం వస్తుంది. మామూలు గేములో పర్వాలేదు గానీ, గోడకీ మీకూ మధ్య సందు మూసుకుపోతున్నప్పుడు ఆ జాప్యమే ప్రాణం తీస్తుంది. అలాగే గుండ్రటి స్టిక్‌తో ఆడొద్దు. నాలుగు దిక్కుల బటన్లు వాడండి. స్టిక్ ఐమూలగా వంగితే బొమ్మ ఎటు తిరగాలో తేలక మలుపు తప్పిపోతుంది.

తెర మీద ఏముందో గుర్తుపట్టండి

మీరు టామగాన్ అనే చిన్న ఆకుపచ్చ డ్రాగన్. రెండో ఆటగాడు ఉంటే వాడిది ఎరుపు రంగు. దిక్కుల బటన్లతో నడుస్తారు, ఇంకో బటన్ నిప్పు ఊదడానికి. అంతే, నేర్చుకోవాల్సిన బటన్లు ఇంకేం లేవు.

తెర పైభాగంలో మధ్యలో సాతాను ఉంటాడు. డాన్స్ చేస్తూ ఉంటాడు. మీ మీదికి రాడు, ఏమీ విసరడు, మీరు వాణ్ణి ముట్టుకోలేరు. అందుకే కొత్తవాళ్లు వాణ్ణి అలంకారం అనుకుంటారు. వాడు కాసేపటికోసారి చేత్తో ఒక దిక్కు చూపిస్తాడు. వెంటనే అంచుల్లో ఉన్న వాడి చిన్న బంట్లు మొత్తం మేజ్‌ని ఆ దిక్కుకి లాగడం మొదలుపెడతారు. ఎడమకి చూపిస్తే మేజ్ ఎడమకి జరుగుతుంది. కుడి, పైన, కింద, ఏ దిక్కైనా అంతే. చుట్టూ ఉన్న ఫ్రేమ్ మాత్రం కదలదు.

ఫామికామ్‌కి బ్యాక్‌గ్రౌండ్ మొత్తాన్ని నునుపుగా జరపగలగడం పెద్ద బలం. ఏడాది తర్వాత మారియోలో ఆ బలాన్ని పరుగెత్తడానికి వాడారు. ఇక్కడ అదే బలాన్ని మిమ్మల్ని చంపడానికి వాడారు. నాకైతే ఇదే ఎక్కువ సరదా ఆలోచన.

మొదటి పని: ఏమీ తినకుండా బతకండి

మొదటి ఆటలో చుక్కల గురించి పూర్తిగా మర్చిపోండి. స్కోరు సున్నా వచ్చినా పర్వాలేదు. ఒకే ఒక్క పని: నలగకుండా ఉండటం.

ఎలా నలుగుతామో నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే గేమ్ మొత్తం ఇక్కడే ఉంది. మీరు తెర ఎడమ అంచు దగ్గర ఒక నిలువు దారిలో ఉన్నారనుకోండి, అంటే పైకీ కిందికీ పోయే దారి. మీకు ఎడమ పక్క ఒక గోడ, కుడి పక్క ఒక గోడ. సాతాను ఎడమకి చెయ్యి చూపించాడు. మేజ్ ఎడమకి జరగడం మొదలైంది. ముందు మీ ఎడమ పక్క గోడ ఫ్రేమ్ వెనక్కి పోయి మాయమవుతుంది. ఇప్పుడు మీ ఎడమన కదలని ఫ్రేమ్ ఉంది, కుడిన మీ వైపే వస్తున్న గోడ ఉంది. ఆ రెంటి మధ్య సందు తగ్గుతూ తగ్గుతూ మీ బొమ్మ వెడల్పు కన్నా చిన్నదవుతుంది. అంతే, ఒక ప్రాణం పోయింది. ఏ దెయ్యమూ మిమ్మల్ని ముట్టుకోలేదు.

అదే సమయంలో మీరు అడ్డదారిలో, అంటే ఎడమ నుంచి కుడికి పోయే దారిలో ఉంటే? ఫ్రేమ్ మిమ్మల్ని వెనక నుంచి నెడుతుంది, కానీ ముందు దారి ఖాళీగా ఉంది కాబట్టి మీరు కుడికి జారుకుంటూ పోతారు. ఏమీ కాదు. ఆ దారి చివర గోడతో మూసుకుపోయి ఉంటేనే ప్రమాదం, ఎందుకంటే ఆ గోడ కూడా మీ వైపే వస్తోంది. మధ్యలో ఎక్కడో పైకో కిందికో మలుపు ఉండాలి.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే. చెయ్యి పక్కకి చూపిస్తే మీరు అడ్డదారిలోకి రండి. చెయ్యి పైకో కిందికో చూపిస్తే నిలువుదారిలోకి రండి. రెండు సందర్భాల్లోనూ చెయ్యి చూపించిన దిక్కుకి ఎదురుగా నడవండి. తెర మధ్యలో ఉన్నప్పుడు తొందరేమీ ఉండదు, అంచు దగ్గరికి వచ్చినకొద్దీ ఉంటుంది. టౌన్ బస్సులో నిలబడి ప్రయాణం చేసేవాడు రోడ్డు కన్నా ఎక్కువగా డ్రైవర్ని గమనిస్తాడు, ఎప్పుడు బ్రేక్ కొడతాడో అని. ఇక్కడా అంతే. మీ చూపు సగం టామగాన్ మీద, సగం పైనున్న సాతాను చేతి మీద ఉండాలి.

కొన్ని ఆటలు ఇలా ఊరికే తిరగండి. చెయ్యి మారిన వెంటనే వేలు దానంతటదే ఎదురు దిక్కుకి పోవడం అలవాటయ్యాక తర్వాతి మెట్టుకి రండి. అంతకు ముందే చుక్కల జోలికి పోతే మళ్లీ పాక్-మాన్ అలవాట్లు వచ్చేస్తాయి.

రెండో పని: సిలువ పట్టుకుని తినండి

చుక్కల మీద నడిచినా అవి ఎందుకు తినబడటం లేదంటే, మీ చేతిలో సిలువ లేదు. మేజ్‌లో అక్కడక్కడా సిలువలు పడి ఉంటాయి. ఒకటి తీసుకుంటే కొంతసేపు రెండు శక్తులు వస్తాయి: చుక్కలు తినగలరు, నిప్పు ఊదగలరు. సమయం అయిపోగానే రెండూ పోతాయి, మళ్లీ ఇంకో సిలువ వెతుక్కోవాలి.

పాక్-మాన్‌లో దెయ్యాల్ని తినే శక్తిచ్చే పెద్ద బిళ్లని ఆపద కోసం దాచుకుంటాం. ఇక్కడ అలా దాచుకుంటే ఆట ముందుకే కదలదు. తినాలన్నా సిలువే కావాలి, తప్పించుకోవాలన్నా సిలువే కావాలి. అందుకని ఎక్కడ తీసుకుంటున్నామన్నదే ముఖ్యం. చుట్టూ చుక్కలు దట్టంగా ఉన్న చోట తీసుకోండి. అప్పటికే ఊడ్చేసిన దారిలో ఉన్న సిలువని తీసుకుంటే, చుక్కలున్న చోటికి పరుగెత్తేసరికే సగం సమయం అయిపోతుంది. ఆట మొదట్లో మీకు దగ్గరగా ఉన్నవన్నీ గబగబా మింగేస్తే, చివర్లో మిగిలిన నాలుగు చుక్కల కోసం మేజ్ అంతా తిరగాల్సి వస్తుంది. ఇది కొత్తవాళ్లందరూ చేసే పనే.

అంచుల్లో ఉన్న చుక్కలంటే భయం సహజం. వాటి దగ్గరికి మీరు పోనక్కర్లేదు, వాటినే మీ దగ్గరికి రానివ్వండి. సాతాను ఎడమకి చూపించాడంటే కుడి అంచు నుంచి మేజ్ లోపలికి వస్తోందని అర్థం. కుడి పక్కనున్న చుక్కలు ఫ్రేమ్‌కి దూరంగా, తెర మధ్యలోకి జరుగుతున్నాయి. మీరు ఎలాగూ కుడికే నడుస్తున్నారు. ప్రాణం కాపాడుకోవడానికి ఎటు పోవాలో, తిండి కూడా అటే ఉంది. ఇది తెలిశాక ఆట ఒక్కసారిగా తేలికైపోతుంది. అంతవరకు శత్రువులా కనిపించిన సాతాను మీకు వడ్డించేవాడు అయిపోతాడు.

పాక్-మాన్‌లో ఆరితేరినవాళ్లు దారుల్ని బట్టీ పడతారు: ఇక్కడ ఎడమ, అక్కడ పైకి, దెయ్యాలు ఇలా వస్తాయి అని. ఇక్కడ ఆ బట్టీ పనికిరాదు. అదే మలుపు ఒకసారి తెర మధ్యలో ఉంటుంది, ఇంకోసారి ఫ్రేమ్ అంచున నలగ్గొట్టే చోట ఉంటుంది. మేజ్‌ని కంఠస్థం చేయడం కన్నా "ఇప్పుడు నేను అంచుకి ఎంత దూరం" అన్న లెక్క ఎప్పుడూ తలలో ఉంచుకోవడం మేలు.

ఇక దెయ్యాలు. ఒంటికన్ను మేడమాన్లు మీకు ఎక్కువగా తగులుతాయి. చేతిలో సిలువ ఉన్నప్పుడు ఎదురుగా నిలబడి నిప్పు ఊదితే మేడమాన్ బుల్స్ ఐ అయిపోతుంది. ఉత్త మాట కాదు, నిజంగానే తెల్లసొన మధ్యలో పచ్చసొనతో గుడ్డు పడుతుంది. వెళ్లి తింటే పాయింట్లు. కానీ ఆ గుడ్డు అంచు దగ్గర పడితే వదిలేయండి. పాయింట్ల ఆశతో అంచుకి పోయి నలిగినవాళ్ల సంఖ్య దెయ్యాల చేతిలో చచ్చినవాళ్ల కన్నా ఎక్కువే ఉంటుంది. సిలువ లేనప్పుడు దెయ్యం ఎదురైతే పోట్లాటకి ఏమీ లేదు, పక్క సందులోకి తిరగడమే.

మూడో పని: బైబిళ్లు

చుక్కలన్నీ అయిపోతే రెండో రౌండ్ వస్తుంది. ఇక్కడ తినాల్సిందేమీ లేదు. మేజ్‌లో నాలుగు బైబిళ్లు ఉంటాయి. వాటిని తీసుకెళ్లి మేజ్ నడిమి భాగంలో ఉన్న ముద్రలో పెట్టాలి. నాలుగూ పెడితే రౌండ్ పూర్తి. బైబిల్ చేతిలో ఉన్నప్పుడు నిప్పు ఊదగలరు, కాబట్టి తీసుకెళ్లేటప్పుడు కొంత ధైర్యంగానే ఉండొచ్చు. భయమంతా ఖాళీ చేతులతో తిరిగి వచ్చేటప్పుడే.

మర్చిపోకండి, ముద్ర మేజ్‌కి నడిమి భాగమే గానీ తెరకి కాదు. మేజ్ జరిగితే అదీ జరుగుతుంది. బైబిల్ పట్టుకుని ముద్ర వైపు పరుగెడుతుంటే అది అంచు వైపు పోతుండొచ్చు. అలాంటప్పుడు వెంటపడొద్దు. చెయ్యి మారేదాకా అక్కడే చుట్టుపక్కల తిరగండి, మళ్లీ మధ్యలోకి వస్తుంది. ఏ బైబిల్ ముందు తేవాలన్న దానికీ ఇదే కొలత: ఆ క్షణంలో అంచుకి దూరంగా, ముద్రకి దగ్గరగా ఏది ఉంటే అది.

నా వరకు ఇది మొదటి రౌండ్ కన్నా కాస్త చప్పగా ఉంటుంది. చుక్కలు తింటున్నప్పుడు ఉండే టెన్షన్ ఇక్కడ ఉండదు. చిన్న రౌండే కాబట్టి విసుగు రాదు.

బోనస్ రౌండ్‌లో చెయ్యి మీదే

ఆ తర్వాత బోనస్ రౌండ్. నేల మీద బాణం గుర్తులుంటాయి. మీరు ఏ బాణం మీద కాలు పెడితే మేజ్ ఆ దిక్కుకి జరుగుతుంది. మేజ్‌లో ఉన్న పెట్టెలు ఏరుకోవాలి. అంటే అంతవరకు సాతాను చేసిన పని ఇప్పుడు మీరు చేస్తారు.

ఇక్కడ కొత్తవాళ్లు పెట్టె కనపడగానే దాని వైపు పరుగెడతారు, మధ్యలో తెలియకుండా బాణం తొక్కి మేజ్‌ని వేరే దిక్కుకి పంపేస్తారు. మీకు, పెట్టెకి మధ్య ఏ బాణాలున్నాయో చూసుకున్నాకే కదలండి. దూరంగా ఉన్న పెట్టె కోసం, దాన్ని దగ్గరికి తెచ్చే బాణం తొక్కి ఊరుకుంటే చాలు. పెట్టె కుడి పక్కన ఉంటే మేజ్ ఎడమకి జరగాలి. ఈ తిరకాసు లెక్క ఇక్కడ బాగా వంటబడితే, మళ్లీ చుక్కల రౌండ్‌కి వచ్చినప్పుడు సాతాను చెయ్యి చూడగానే ఏం జరగబోతోందో ఆలోచించాల్సిన పని ఉండదు.

ఇద్దరు ఆడితే

ఇద్దరూ ఒకే తెర మీద ఒకేసారి ఆడొచ్చు. ఇద్దరికీ ఒకే మేజ్, ఒకే ఫ్రేమ్, ఒకే సాతాను. మొదట్లో ఇద్దరూ ఒకే చుక్కల మీద పడి ఒకరికొకరు అడ్డం పోతారు. ఒకరు పై సగం, ఒకరు కింది సగం అని పంచుకోవాలనిపిస్తుంది. పంచుకోవద్దు, మేజ్ పైకో కిందికో జరిగితే ఆ హద్దు పోతుంది. దానికి బదులు ఒకరు తినండి, ఒకరు దెయ్యాల్ని చూసుకోండి. సిలువ అయిపోగానే పనులు మార్చుకోండి. ఇద్దరిలో ఎవరికి ముందు కనపడినా "ఎడమ", "పైకి" అని గట్టిగా అరవడం మాత్రం తప్పనిసరి. పిల్లలతో ఆడేటప్పుడు ఈ అరవడమే వాళ్లకి ఎక్కువ నచ్చుతుంది. బడికి పోయే పిల్లలైతే కాసేపట్లోనే మీకే ఆర్డర్లు వేస్తారు.

స్విచ్ మీద ఆడేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. వెనకనున్న జెడ్ఎల్, జెడ్ఆర్ బటన్లు రెండూ కలిపి నొక్కిపట్టుకుంటే ఆట వెనక్కి తిరుగుతుంది. నలిగిన ప్రతిసారీ దీన్ని వాడితే ఆటలో సారం పోతుంది. నేర్చుకునేటప్పుడు మాత్రం పనికొస్తుంది: నలిగాక వెనక్కి తిప్పి, సాతాను చెయ్యి ఎప్పుడు మారింది, అప్పుడు మీరు ఏ దారిలో ఉన్నారు అని చూడండి. చాలాసార్లు కారణం ఒకటే కనిపిస్తుంది, చెయ్యి మారాక కూడా మీరు ఇంకో రెండు చుక్కల కోసం ఆగి ఉంటారు.

గేమ్‌కి ముగింపు అంటూ లేదు. బోనస్ రౌండ్ అయ్యాక మళ్లీ చుక్కలు, మళ్లీ బైబిళ్లు, చుట్టు తిరిగినకొద్దీ కష్టం పెరుగుతుంది. ఎక్కడ ఆపాలన్నది మీ ఓపిక. ఆ తర్వాత ఎప్పుడైనా నింటెండో పాత్రలన్నీ కొట్టుకునే సూపర్ స్మాష్ బ్రదర్స్ ఆడుతుంటే మధ్యలో ఈ సాతానే సహాయ పాత్రగా దిగి, చెయ్యి చూపించి తెరని పక్కకి లాగడం మొదలుపెట్టొచ్చు. మిగతావాళ్లు ఏమైందో తెలియక అంచు నుంచి పడిపోతుంటారు. మీరు ఎదురు దిక్కుకి పరుగెత్తండి.